మణికట్టు మీది వెలుగు ఎవరి కోసం?

మన పెద్దలకు మనిషి ఆరోగ్యం తెలిసేది మణికట్టు దగ్గరే. వైద్యుడు వచ్చి మంచం పక్కన కూర్చొని, మూడు వేళ్ళు నాడి మీద ఆనించి, కాసేపు మౌనంగా ఉండి, ఆ తర్వాతే నోరు విప్పేవాడు. జబ్బు నయమైతే "ఆయన హస్తవాసి మంచిది" అని ఊరంతా చెప్పుకునేది. ఇప్పుడు అదే మణికట్టు మీదికి ఒక చిన్న ఆకుపచ్చ దీపం వచ్చి కూర్చుంది. వాచీ అడుగున వెలుగుతూ ఆరుతూ, నాడి ఎంత, నిద్ర ఎంత, నడక ఎంత, రక్తంలో ప్రాణవాయువు ఎంత అని అంకెలు చెబుతోంది. రెండువేల రూపాయల లోపే దొరుకుతోంది కనుక మన తరగతి గదుల్లో అలాంటి వాచీలు లెక్కలేనన్ని కనబడుతున్నాయి.

విజ్ఞాన శాస్త్రం ఇలా సామాన్యుని చేతికి అందడం సంతోషించవలసిన విషయమే. దీన్ని డబ్బున్నవాళ్ళ ఆటవస్తువని కొట్టిపారేసే పెద్దలతో నేను ఏకీభవించను. ఇక డాక్టరే అక్కర్లేదని సంబరపడే మిత్రులతోనూ ఏకీభవించను. నేను చెప్పదలచినది ఒక్కటే. ఈ వెలుగు ఇప్పుడు ఎక్కువగా పడుతున్నది ఆరోగ్యంగా ఉన్న చేతుల మీద. అది పడవలసిన చేతులు మా దొర్నిపాడు లాంటి ఊళ్ళ పొలాల్లో ఉన్నాయి. ఆ చేతుల మీద ఇది సరిగా పనిచేస్తుందా, పనిచేసి ఒక అంకె చూపిస్తే ఆ అంకెకు బదులు చెప్పే మనిషి ఎవరు? ఈ రెండు ప్రశ్నలూ అడగవలసినది చదువుకుంటున్న మనమే.

ఈ దీపం చూసేదేమిటి?

చీకట్లో టార్చిలైటు మీద అరచెయ్యి మూస్తే వేళ్ళు ఎర్రగా మెరవడం చిన్నప్పుడు అందరం చూసిందే. చర్మం, మాంసం కాంతిని పూర్తిగా ఆపవు. కొంత పీల్చుకుంటాయి, కొంత వదిలేస్తాయి. గుండె కొట్టుకున్నప్పుడల్లా రక్తం ఒక అలలాగా సన్న నాళాల్లోకి వస్తుంది. ఆ క్షణంలో కాంతిని కాస్త ఎక్కువగా పీల్చుకుంటుంది. అల తీసినప్పుడు తక్కువ పీల్చుకుంటుంది. ఈ హెచ్చుతగ్గులను లెక్కపెడితే నాడి తెలిసిపోతుంది. 1937-38 సంవత్సరాల్లో అమెరికాలోని సెయింట్ లూయిస్‌లో ఆల్రిక్ హెర్ట్జ్‌మన్ అనే శరీరధర్మ శాస్త్రజ్ఞుడు వేళ్ళ మీద ఇదే పద్ధతిలో రక్తప్రసరణను కొలిచి చూపాడు. నేటి వాచీల్లోని ఆకుపచ్చ దీపం ఆయన పనికి మనుమడి వరస అనుకోవచ్చు. ఆకుపచ్చ కాంతిని హిమోగ్లోబిన్ బాగా పీల్చుకుంటుంది కనుక నాడి లెక్కకు అది అనువైనది.

ప్రాణవాయువు సంగతి వేరు. దానికి రెండు రంగులు కావాలి. ఒకటి సుమారు 660 నానోమీటర్ల ఎరుపు, రెండోది సుమారు 940 నానోమీటర్ల పరారుణ కాంతి. ప్రాణవాయువును మోస్తున్న హిమోగ్లోబిన్ ఎరుపును వదిలేసి పరారుణాన్ని ఎక్కువ పీల్చుకుంటుంది. ప్రాణవాయువు దింపేసిన హిమోగ్లోబిన్ దీనికి తలకిందులు. రెండింటి నిష్పత్తి చూస్తే రక్తంలో నూటికెంత హిమోగ్లోబిన్ ప్రాణవాయువుతో నిండి ఉందో అంచనా వేయవచ్చు.

ఇంత తేలికగా చెప్పినా దీన్ని కనిపెట్టడం తేలిక కాలేదు. చర్మం, ఎముక, నిలవ ఉన్న రక్తం అన్నీ కాంతికి అడ్డమే కదా! జపానులో నిహోన్ కోడెన్ అనే సంస్థలో తకువో అయోయాగి అనే ఇంజనీరు 1970ల మొదట్లో వేరే పని మీద ఉన్నాడు. రక్తంలోకి రంగు ఎక్కించి గుండె ఎంత రక్తం తోస్తోందో కాంతితో కొలిచే పని అది. నాడి కొట్టుకోవడం వల్ల ఆయన గీతలు చెదిరిపోతుండేవి. ఆ చెదురును పోగొట్టాలని కుస్తీ పడుతుండగా ఆయనకు తట్టింది: కదిలే భాగాన్ని మాత్రమే లెక్కలోకి తీసుకుంటే కదలని అడ్డంకులన్నీ వాటంతట అవే తప్పుకుంటాయి! 1974లో ఆయన దాన్ని లోకానికి వెల్లడించాడు. పల్స్ ఆక్సీమీటరుకు పునాది అదే. ఆయన వైద్యుడు కాడు, మనలాగే భౌతికశాస్త్రం, విద్యుత్తు చదువుకున్నవాడు. 2020 ఏప్రిల్ 18న, కోవిడ్ వల్ల ఆయన పరికరం ప్రపంచంలో ఇంటింటి పేరవుతున్న రోజుల్లోనే కన్నుమూశాడు.

మహమ్మారి నేర్పిన పాఠం

2021 వేసవిని మన పల్లెలు మరిచిపోలేవు. పైకి మామూలుగా మాట్లాడుతున్న మనిషికి లోపల ప్రాణవాయువు పడిపోతున్న సంగతి వేలికి పెట్టే ఆ చిన్న క్లిప్పు చెప్పింది. "94కు తగ్గితే ఆలస్యం చేయొద్దు" అన్న మాట నిరక్షరాస్యులకు కూడా కంఠతా వచ్చింది. జ్వరం సర్వేల పేరుతో ఏఎన్‌ఎంలు, ఆశా కార్యకర్తలు ఇల్లిల్లూ తిరిగారు. గిరాకీ పెరిగేసరికి ధరలు కొండెక్కాయి. చివరికి 2021 జులైలో కేంద్ర ప్రభుత్వం ఆక్సీమీటరుతో సహా 5 పరికరాల మీద వ్యాపారుల లాభం 70 శాతం మించరాదని కట్టడి పెట్టవలసి వచ్చింది.

ఆ రోజుల్లో ప్రాణాలు దక్కింది క్లిప్పు ఒక్కదాని వల్ల కాదు. క్లిప్పు పట్టుకొని గడప తొక్కిన మనిషి వల్ల, ఆమె ఫోను చేస్తే పలికిన డాక్టరు వల్ల, పలికాక వచ్చిన బండి వల్ల, బండి చేరిన చోట దొరికిన మంచం వల్ల. ఈ గొలుసులో ఏ లంకె తెగినచోట అంకె ఉండీ లాభం లేకపోయింది. అంకె 80 చూపిస్తుంటే ఏం చేయాలో తెలియక ఆ అంకెనే చూస్తూ కూర్చున్న కుటుంబాలు ఎన్ని ఉన్నాయో మనందరికీ తెలుసు.

బస్సులు తక్కువ, సీట్లు ఫుల్!

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. మన రాష్ట్రంలో 15 నుంచి 49 ఏళ్ళ స్త్రీలలో 58.8 శాతం మందికి రక్తహీనత ఉందని 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే తేల్చింది. అంటే ప్రతి ఇద్దరిలో ఒకరి కంటే ఎక్కువ! ఇది ఎక్కడో పుస్తకంలో ఉన్న లెక్క కాదు. "ఒంట్లో రక్తం లేదంట", "కళ్ళు తిరుగుతున్నాయి", "నాలుగడుగులేస్తే ఆయాసం" అని మన అమ్మలు, అక్కలు, చిన్నమ్మలు ఏళ్ళ తరబడి అంటున్న మాటే.

అలాంటి తల్లి వేలికి ఆక్సీమీటరు పెట్టండి. 98 చూపిస్తుంది. కొడుకు సంతోషపడి "నీకేం కాలేదమ్మా, బ్రహ్మాండంగా ఉన్నావు" అంటాడు. పరికరం అబద్ధం చెప్పలేదు. మనం అడిగిన ప్రశ్నే వేరు.

ఆళ్ళగడ్డ నుంచి మా వైపు వచ్చే బస్సుల్నే తీసుకోండి. ప్రతి బస్సులోనూ సీట్లన్నీ నిండి ఉన్నాయనుకుందాం. నూటికి 98 సీట్లు నిండాయని రాసుకోవచ్చు. అయితే రోజుకు తిరిగే బస్సులు పదా, అయిదా? సీట్ల లెక్క చూసి ఆ సంగతి చెప్పలేం. ఆక్సీమీటరు చూసేది సీట్లను. రక్తహీనత అంటే బస్సులు తక్కువ కావడం.

లెక్క కావాలన్న మిత్రుల కోసం అదీ చెబుతాను. ఒక గ్రాము హిమోగ్లోబిన్ సుమారు 1.34 మిల్లీలీటర్ల ప్రాణవాయువును మోయగలదు. 100 మిల్లీలీటర్ల రక్తంలో 14 గ్రాముల హిమోగ్లోబిన్ ఉన్నవారికి, 98 శాతం నిండి ఉంటే, 18 మిల్లీలీటర్లకు పైగా ప్రాణవాయువు అందుతుంది. 7 గ్రాములే ఉన్న తల్లికి అదే 98 శాతం దగ్గర 9 మిల్లీలీటర్లు. సరిగ్గా సగం! ఇద్దరి వేళ్ళ మీదా అంకె మాత్రం ఒక్కటే.

మరి కాంతికి రక్తహీనతను పట్టే శక్తి లేదా? లేకేం! ఆ జాతీయ సర్వేలో హిమోగ్లోబిన్ కొలిచిన చిన్న యంత్రం కూడా కాంతితో పనిచేసేదే. వేలు గుచ్చి, ఒక్క చుక్క రక్తం సన్నని పలకలోకి తీసుకొని, దాని గుండా కాంతి పంపి కొలుస్తుంది. రక్తం తీయకుండా వేలి మీదే హిమోగ్లోబిన్‌ను అంచనా వేసే ఖరీదైన ఆసుపత్రి యంత్రాలు కూడా వచ్చాయి. అంటే విజ్ఞానానికి కొదవ లేదు. ఏ ప్రశ్న ముందు అడగాలి, ఎవరి కోసం అడగాలి అన్న దగ్గరే తేడా వస్తోంది. ఈ రోజు పదివేల అడుగులు నడిచానా లేదా అన్నది మార్కెట్టు అడిగిన ప్రశ్న. రోజంతా బురదలో వెనక్కి వెనక్కి నడుస్తూ వరి నాటే మనిషికి అడుగుల లెక్కతో పనేముంది? ఆమె ఒంట్లో రక్తం ఎంతుందో కావాలి.

ఎవరి చేతుల మీద సరిచూశారు?

ఇక రెండో సంగతి. ఏ కొలత పరికరాన్నయినా ఎవరో ఒకరి మీద సరిచూసే బజారుకు పంపుతారు. ఆ "ఎవరో" ఎవరు?

2020 డిసెంబరులో అమెరికాలోని మిషిగన్ వైద్యులు ఒక పరిశీలన ప్రకటించారు. ఆక్సీమీటరు 92 నుంచి 96 చూపిస్తున్న రోగుల రక్తాన్ని తీసి పరీక్షిస్తే, నిజంగా 88 కంటే తక్కువ ఉన్నవారు తెల్లవారిలో 3.6 శాతం, నల్లవారిలో 11.7 శాతం. అంటే చర్మం రంగు ముదిరినకొద్దీ పరికరం ప్రమాదాన్ని దాచిపెడుతోందన్న మాట. చర్మపు వర్ణకం కూడా కాంతిని పీల్చుకుంటుందని శాస్త్రజ్ఞులకు తెలియక కాదు. సరిచూసేటప్పుడు అన్ని రంగుల చేతులనూ తగినంత మందిని పిలవలేదు, అంతే. 2013 నాటి అమెరికా నియమం ప్రకారం 10 మంది మీద, అందులో కనీసం ఇద్దరు నల్లటివారి మీద చూస్తే సరిపోయేది. 2025 జనవరిలో వారి ముసాయిదా ఆ 10ని 150 చేయాలన్నది. ఇన్నేళ్ళ తర్వాత!

మన సంగతి చూద్దాం. దొర్నిపాడు మండలంలో కుందూ పక్కన, కె.సి. కాలువ కింద నల్లరేగడిలో పనిచేసే స్త్రీ చేతిని ఒక్కసారి ఊహించుకోండి. మణికట్టు నిండా గాజులు. ముంజేతి మీద అమ్మ పొడిపించిన పచ్చబొట్టు. వేళ్ళకు పండగనాటి గోరింటాకు. నాట్ల కాలంలో చెయ్యి గంటల తరబడి చల్లటి నీళ్ళలో నానుతుంది, వేళ్ళకు రక్తం తగ్గుతుంది. మిరప కోతలో, పత్తి తీతలో చెయ్యి క్షణం నిలవదు. ఎండాకాలం చెమట సరేసరి. వీటిలో ప్రతి ఒక్కటీ కాంతి కొలతకు అడ్డం తగిలేదే. పచ్చబొట్టు సిరా కాంతిని ఆపగలదని పేరున్న వాచీ కంపెనీలే ఒప్పుకుంటాయి. వాచీ చర్మానికి అతుక్కొని ఉండాలంటారు. గాజుల మధ్య ఎక్కడ అతుక్కుంటుంది?

కొలిచే వస్తువు ఉన్నా లేకున్నా అంకె చూపించే వాచీలు కొన్ని ఉన్నాయి. హాస్టలు మిత్రులు ఒకసారి చుట్టచుట్టిన తువాలుకో, అరటిపండుకో తమ వాచీ కట్టి చూడండి. దానికీ నాడి ఉందని చెబితే నవ్వుకోండి. నవ్విన తర్వాత ఆలోచించండి. చాలా వాచీల పెట్టెల మీద "ఇది వైద్య పరికరం కాదు" అని సన్నక్షరాల్లో ఉంటుంది. ప్రకటనలో మాత్రం గుండె బొమ్మ పెద్దదిగా ఉంటుంది! వేలు గుచ్చకుండానే చక్కెర ఎంతో చెబుతామనే వాచీలు, ఉంగరాల మాట నమ్మవద్దని 2024 ఫిబ్రవరిలో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ హెచ్చరించింది. ఇన్సులిన్ తీసుకునే మనిషి అలాంటి అంకెను నమ్మి సూది వేసుకుంటే ఏమవుతుందో వేరే చెప్పనక్కరలేదు.

అంకె వచ్చాక?

మంచి వాచీల మేలును కాదనను. అమెరికాలో 4,19,297 మందితో జరిగిన ఒక పెద్ద అధ్యయనం ఫలితాలు 2019లో వెలువడ్డాయి. వాచీ "నీ నాడి లయ తప్పింది" అని హెచ్చరించింది వారిలో 0.52 శాతం మందినే. హెచ్చరిక అందుకొని, ఛాతీకి అంటించే పరికరంతో మళ్ళీ పరీక్ష చేయించుకున్నవారిలో 34 శాతం మందికి గుండె లయ తప్పే జబ్బు బయటపడింది. పక్షవాతానికి దారితీయగల జబ్బు అది. ముందే తెలియడం మేలే.

కానీ గమనించండి. అక్కడ హెచ్చరిక రాగానే డాక్టరు ఫోనులో మాట్లాడాడు, పరీక్ష పరికరం పోస్టులో ఇంటికి వచ్చింది. మన దగ్గర అదే హెచ్చరిక ఒక అవ్వకు రాత్రిపూట వస్తే? ఆళ్ళగడ్డ పోవాలి. అక్కడ చూడలేమంటే నంద్యాల. అక్కడా కాదంటే కర్నూలు. ఒక పూట కూలి, బండి బాడుగ, తోడు వచ్చేవాడి కూలి. ఇంతా చేసి "ఏమీ లేదు పోవ్వా" అంటే మరోసారి నిజంగా జబ్బు చేసినా ఆమె గడప దాటదు. తప్పుడు హెచ్చరిక ధర పట్నంలో కాస్త కంగారు, పల్లెలో ఒక వారం తిండి.

మరొక కోణం ఉంది. 2015 మే నెల వడగాడ్పులకు ఆంధ్రప్రదేశ్‌లో వెయ్యిమందికి పైగా చనిపోయారు. ఎండలో పనిచేసే మనిషి నాడి అదేపనిగా పెరుగుతూ, నీడకు వచ్చినా తగ్గకపోవడం వడదెబ్బకు ఒక ముందస్తు గుర్తు. మణికట్టు మీది వెలుగు అది పట్టుకోగలిగితే ఎన్ని ప్రాణాలు నిలుస్తాయి! అయితే ఆ అంకె ఎవరి చేతికి పోతుందన్నది కూడా చూసుకోవాలి. "చాలు, నీడకు పోదాం పదండి" అనడానికి కూలీల చేతిలో ఉంటే అది రక్షణ. ఎవరు ఎంతసేపు కూర్చున్నారో లెక్క తీయడానికి మేస్త్రీ చేతిలో ఉంటే అది కొరడా. మన శరీరపు లెక్కలు మన అనుమతి లేకుండా వాడుకోరాదని 2023లో పార్లమెంటు చట్టం చేసింది. ఆ అనుమతి ఇంగ్లీషులో పది పేజీలుండి, కింద "ఒప్పుకుంటున్నాను" అని ఒక బొత్తాం ఉంటే, చదువురాని మనిషి దేనికి ఒప్పుకున్నట్టు?

మనమేం చేయాలి?

విమర్శించి ఊరుకోవడం విద్యార్థులకు తగదు. మన కళాశాల విద్యార్థి సంఘం ముందు మూడు సూచనలు పెడుతున్నాను. మూడూ మన చేతిలో ఉన్నవే.

మొదటిది, తనిఖీ. నాడిని కొలవడానికి మూడు వేళ్ళు, సెకన్ల ముల్లున్న గడియారం చాలు. కూర్చున్నప్పుడు, నడిచాక, చెయ్యి తడిసినప్పుడు, పొలంలో పని మధ్యలో ఒక నిమిషం నిండా నాడి లెక్కపెట్టి, అదే నిమిషంలో వాచీ ఏమందో పక్కన రాసుకుందాం. భౌతికశాస్త్రం, జంతుశాస్త్రం, కంప్యూటర్ విభాగాల మిత్రులు కలిస్తే ఇది ఒక సెలవుల పని. కొలిపించుకునేవారికి ముందు అంతా తెలుగులో వివరించి, వారు సరే అంటేనే చేయాలి. ఎవరి పేరూ బయటపెట్టరాదు. నంద్యాలలో 2023 నుంచి ప్రభుత్వ వైద్య కళాశాల నడుస్తోంది కనుక అక్కడి అధ్యాపకుల సలహా అడగడం కష్టం కాదు. విశాఖపట్నంలో వైద్య పరికరాలు తయారుచేసి పరీక్షించే మెడ్‌టెక్ జోన్ ఉంది. మన పట్టిక పనికొచ్చేదిగా ఉంటే వారికీ పంపుదాం. "ఈ పరికరాన్ని మా చేతుల మీద సరిచూశారా?" అని అడిగే హక్కు కొనే ప్రతివాడికీ ఉంది. అడిగేటప్పుడు చేతిలో కాగితం ఉంటే ఆ మాటకు బరువు.

రెండోది, రక్తపరీక్ష. సంఘం ఫ్లెక్సీలకు, సన్మానాలకు పెట్టే ఖర్చులో కొంత తగ్గించి, ప్రాథమిక ఆరోగ్య కేంద్రం సిబ్బందితో మాట్లాడి, హాస్టలు విద్యార్థినులకు, విద్యార్థుల తల్లులకు హిమోగ్లోబిన్ పరీక్షలు చేయించాలి. మన వాచీకి పెట్టిన డబ్బులు ఏ తల్లి చేసిన కూలివో మనకు తెలియనిది కాదు. ఆమె రక్తం ఎన్ని గ్రాములో తెలియకుండా మన గుండె ఎన్నిసార్లు కొట్టుకుంటోందో తెలుసుకొని ఏం లాభం? పరీక్షతో ఆగరాదు. తక్కువ ఉన్నవారికి మాత్రలు అందేదాకా, మూడు నెలల తర్వాత మళ్ళీ పరీక్ష జరిగేదాకా వెంటబడాలి.

మూడోది, అర్జీ. ప్రతి ఏఎన్‌ఎం సంచిలో సరిచూసిన మంచి ఆక్సీమీటరు, హిమోగ్లోబిన్ యంత్రం, దానికి చాలినన్ని పలకలు, బ్యాటరీలు ఉండాలని కలెక్టరు గారికి రాద్దాం. యంత్రం ఇచ్చి పలకలు ఇవ్వకపోవడం, పలకలు ఇచ్చేసరికి బ్యాటరీ అయిపోవడం మన కార్యాలయాలకు కొత్త కాదు. అలాగే, అంకె ప్రమాదంలో ఉంటే ఎవరికి ఫోను చేయాలో ఊరూరా గోడ మీద తెలుగులో రాయించాలి. వేల రూపాయల వాచీ కంటే ఆ గోడమీది రాత ఒక్కోసారి ఎక్కువ ప్రాణాలు కాపాడుతుంది.

కొందరు మిత్రులు "ఇవన్నీ ప్రభుత్వం చూసుకోవలసినవి, మనకెందుకు?" అనవచ్చు. చేదు అనుకున్న ఒక చెదురులో కొత్త దారి చూసిన అయోయాగి కూడా తన పని కానిదని వదిలేసి ఉంటే ఈ వ్యాసమే ఉండేది కాదు. మన ఊరి చేతుల మీద ఈ వెలుగు ఎందుకు తడబడుతుందో జాగ్రత్తగా రాసి పెడితే, రేపు దాన్ని సరిదిద్దే ఇంజనీరు మన కళాశాల నుంచే రాకూడదని ఎక్కడుంది?

వచ్చే ఏడాది సంచికలో ఇదే పుటలో మరో అభిప్రాయ వ్యాసం అక్కరలేదు. ఎంతమంది నాడి లెక్కపెట్టాం, వాచీ ఎన్నిసార్లు తప్పింది, ఎంతమంది తల్లులకు పరీక్ష జరిగింది, మూడు నెలలకు ఎంతమందిలో రక్తం పెరిగింది అన్న పట్టిక ఒకటి అచ్చయితే చాలు. పేర్లు ఇవ్వదలచిన మిత్రులు ఈ సెలవులకు ముందే సంఘం కార్యదర్శి దగ్గర ఇవ్వండి.